పిల్లలున్న కుటుంబాలకు అనువైనది

ఆ ఫ్లాటుకి చెడ్డపేరంతా కింద వీధిలోనే. ఫోనులో చూస్తే మాత్రం అయిదుకి అయిదు స్టార్లు.

లోపలికెళ్లి ఉండి వచ్చినవాళ్లెవరూ దాన్ని తిట్టరు. పొగుడుతారు. నోరారా పొగుడుతారు. భయపడాల్సింది అసలు అందుకే.

వీధిలో వాళ్లు చెప్పేది వేరు. పై అంతస్తులో మనుషులెవరూ దిగని రోజుల్లో కూడా, లైట్లన్నీ ఆరిపోయాక, ఆ కిటికీలోంచి గొంతులు వినబడతాయట. ఏడుపులు కాదు. కేకలూ కాదు. 'సరేనమ్మా...' అని ఒక గొంతు. 'సారీ నాన్నా... ఇంకెప్పుడూ ఎదురు చెప్పను' అని ఇంకో గొంతు. బళ్లో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు... అన్నదే మళ్లీ, మళ్లీ.

నేను వినలేదు. నేను ఆ ఊరే వెళ్లలేదు. నాకు చెప్పినవాడికి పదమూడేళ్లు. వాడు అబద్ధాలాడతాడు, హోంవర్కు విషయంలో. దీని విషయంలో ఆడలేదు.

నేను ల్యాబులో రక్తం తీసే మనిషిని. వాళ్లమ్మ మా ఇన్‌చార్జి మేడమ్. పనిలో ఆవిడకి వంక పెట్టలేం. సూది ఎక్కడుండాలో అక్కడే ఉండాలి, సీసా మీద స్టిక్కరు గీత గీసినట్టు ఉండాలి. ఇంట్లో మనుషులు కూడా అలాగే ఉండాలనుకుంది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆవిడ భర్త కళ్లజోళ్ల షాపాయన. నోట్లోంచి 'సర్లే' తప్ప ఇంకో మాట రాదు. కూతురికి పదహారు. తల్లి దాన్ని 'మహారాణి' అంటుంది, ముద్దుగా కాదు. కొడుకుని అక్క 'కోతి' అంటుంది, అది మాత్రం ముద్దుగానే.

మహారాణికి ముక్కు మీద కోపం. నోరు కత్తి. నాకు 'దోమాంటీ' అని పేరు పెట్టింది అదే. సూదేసుకుని అందరి రక్తం పీలుస్తానని. తమ్ముడూ అదే పట్టుకున్నాడు. తల్లి వద్దని అరిచేకొద్దీ ఇద్దరూ గట్టిగా అనేవాళ్లు.

ఒకసారి ల్యాబులో ఒక పెద్దాయన సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయాడు. మేమంతా నీళ్లో, గ్లూకోజో అని పరిగెడుతుంటే, టిఫిన్ బాక్సు ఇవ్వడానికొచ్చిన ఈ పిల్ల నేల మీద కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. "ఏంటి తాతా, ఇంత మీసం పెట్టుకుని దోమ కుడితే పడిపోతావా?" అని దెప్పుతూనే ఉంది, ఆయన నవ్వేదాకా.

అలాంటి పిల్ల. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంక అసలు సంగతికొస్తాను. సెలవులకి పెద్ద సిటీకి వెళ్దామనుకున్నారు. ఎక్కడ దిగాలన్నదే గొడవ. నలుగురికీ నాలుగు కోరికలు. ఆయనకి మోకాళ్ల నొప్పి, లిఫ్టు కావాలి. కోతికి వైఫై కావాలి. మేడమ్‌కి తెల్ల దుప్పట్లు, మరక లేని బాత్రూము కావాలి. మహారాణి అడిగింది ఒక్కటే — తలుపు మూసుకునే గది. తనకంటూ ఒక్కత్తికి.

"తలుపు మూసుకుని ఏం చేస్తావే? అందరూ ఒక చోటే పడుకుంటారు, నా కళ్లెదురుగా" అంటుంది తల్లి.

"అయితే నేను రాను. మీరే వెళ్లండి, ఒకళ్ల మీద ఒకళ్లు పడుకోండి" అంటుంది పిల్ల.

మధ్యాహ్నం భోజనాల వేళ మేడమ్ రోజూ ఫోను పట్టుకుని ఫోటోలు జరుపుతూనే ఉండేది. ఇది ఇరుకు, అది మురికి, దానికి కిటికీల్లేవు. చివరికొకటి దొరికింది. పెద్ద హాలు, బాల్కనీ, లిఫ్టు, రెండు పడకగదులు. వాటి పక్కన ఒక చిన్న మూడో గది. అందులో ఒంటి మంచం, మంచం మీద మడతలు నలగని దుప్పటి. గోడకి ఏమీ లేదు. కింద రాసి ఉంది, 'పిల్లలున్న కుటుంబాలకు అనువైనది' అని.

లిఫ్టు పనిచేస్తుందా అని మేడమ్ మెసేజ్ పెట్టింది. పనిచేస్తుందని జవాబొచ్చింది. వెంటనే ఇంకోటి.

'పిల్లలు ఎలా ఉంటారు?'

మేడమ్ మాకు పైకి చదివి వినిపించి పడీ పడీ నవ్వింది. "ఇన్నాళ్లకి నా గోడు అడిగినవాళ్లు దొరికారు" అంది.

మన తల్లులకి ఒక అలవాటుంది. మన పిల్లల్ని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, 'ఆఁ, పైకలా ఉంటుంది, ఇంట్లో చూడాలి దాని సంగతి' అనేస్తాం. దిష్టి తగలకూడదనో, గొప్పలు పోతున్నామనుకుంటారనో. మేడమ్‌కి ఆ జబ్బు బాగా ముదిరింది. చేతికి రబ్బరు కట్టి నరం వెతుకుతూ కూడా, ముక్కూ మొహం తెలియని మనుషులకి కూతురి మీద చాడీలు చెప్పేది.

ఆ రోజు రెండు బొటనవేళ్లతో టకటకా కొట్టింది. మాట వినదు. ఎదురు చెబుతుంది. తలుపేసుకుంటుంది. అందరి పిల్లలూ ఎంత బుద్ధిగా ఉన్నారో, నాకే ఇలాంటిది పుట్టింది... అంతా రాసింది. మాకు చదివి వినిపిస్తూ మరీ రాసింది.

జవాబు చిన్నదే.

'దిగులు పడకండమ్మా. మేం చూసుకుంటాం.'

"ఏం చూసుకుంటారట మేడమ్?" అన్నాను.

"ఏముందీ, ఊరికే మర్యాదకంటారు" అని బుక్ చేసేసింది.

ఇక్కణ్ణించి కోతి చెప్పిందే చెబుతాను.

ఫ్లాటు ఫోటోలో ఉన్నట్టే ఉందట. దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయట. ఇంటివాళ్లెవరూ ఎదురు రాలేదు, తాళం తలుపు పక్కన పెట్టెలో ఉంది. మహారాణి సంచీ తీసుకుని తిన్నగా మూడో గదిలోకి వెళ్లిపోయింది.

"బయటికి రా. అక్కడ కాదు" అంది తల్లి.

"ఇది నా గది."

"నేను చెప్పేది నీకు మనిషి మాటలా వినబడదా?"

"నువ్వు మాట్లాడితే కదా వినబడటానికి. నువ్వు ఎప్పుడూ మొరుగుతూనే ఉంటావు."

అప్పుడు మేడమ్ నోరు జారింది. జారిందంటే, ఏళ్ల తరబడి లోపలున్నదే బయటికొచ్చింది. "నీ బదులు ఇంకెవరు పుట్టినా నా ఇల్లు బాగుండేది. ఎవరైనా సరే."

పిల్ల ఏమీ అనలేదట. అదే మొదటిసారి, ఏమీ అనకపోవడం. కళ్లజోడు తీసి ఒకసారి తుడుచుకుని, లోపలికెళ్లి తలుపేసుకుంది.

కళ్లజోళ్లాయన లిఫ్టు బాగుందన్నాడు.

రాత్రి కోతికి దాహమేసి మెలకువొచ్చింది. వాడిది ఆ పక్క గదే, గోడ పల్చన. అవతల అక్క మాట్లాడుతోంది. ఫోనులో అనుకున్నాడు. కాదు... ఇంకో గొంతు కూడా ఉంది. ఆడగొంతు. మెత్తగా, విసుగన్నదే లేకుండా.

"అను."

"అనను."

"సరేనమ్మా, అను."

"అనను అంటున్నాగా! ఎవరు నువ్వు? లైటెయ్ ముందు."

"మళ్లీ. సరేనమ్మా..."

"పో ఇక్కణ్ణించి!"

అప్పుడు మూడో గొంతు అందట, "సరేనమ్మా" అని.

అది అక్క గొంతే. అచ్చం అక్క గొంతే. కానీ అక్క ఆ మాట ఎప్పుడూ అలా అనదు. కోతి మంచం దిగి, పరిగెత్తుకెళ్లి తల్లిని లేపాడు.

ఆవిడ వచ్చింది. చీకట్లో ఆ తలుపు ముందు నిలబడి చెవి ఆనించింది. కోతి ఆవిడ నైటీ అంచు పట్టుకుని వెనకే ఉన్నాడు.

లోపల మళ్లీ — "సరేనమ్మా. సారీ అమ్మా. నీ మాటే వింటానమ్మా..."

దాని మీదే, దాన్ని చీల్చుకుంటూ, తలుపు మీద గుద్దులు. "అమ్మా! అది నేను కాదు! అమ్మా, తలుపు తియ్యవే — గడియ బయటుంది — అది నేను కాదమ్మా!"

గడియ నిజంగానే బయట ఉందట. వేసి ఉంది. ఎవరు వేశారో తెలియదు. పడుకునే ముందు ఆ తలుపుకి బయట గడియే లేదని వాడంటాడు.

మేడమ్ చెయ్యి గడియ మీద పెట్టింది.

గుద్దులు ఆగాయి. మూలుగుతున్నట్టు, "అమ్మా..." అంది పిల్ల. ఆ పక్కనే ఆ 'సరేనమ్మా' గొంతు, ఎంతో ప్రేమగా, "తొందరేం లేదమ్మా. నువ్వు పడుకో. అలసిపోయావు" అంది.

ఆ మాట మేడమ్‌తో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఆవిడ గడియ మీద చెయ్యి తీసేసింది.

"అమ్మ నవ్వింది ఆంటీ" అన్నాడు కోతి నాతో. "చిన్నగా. నాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చినప్పుడు నవ్వుతుందే... అలా." వాడి చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి, దుప్పటి కప్పి, "అక్క నిద్రలో పలవరిస్తోంది. పడుకో" అందట.

తెల్లారి తలుపు దానంతటదే తెరుచుకుంది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. పిల్ల తల దువ్వుకుని, టీ పెట్టి, కప్పులు ట్రేలో సర్ది తెచ్చింది.

"గుడ్ మార్నింగ్ అమ్మా. నిద్ర బాగా పట్టిందా? నాన్నా, మోకాళ్లెలా ఉన్నాయి?"

అదే మొహం. అదే జడ. గడ్డం మీద చిన్నప్పుడు పడిన గాటు కూడా అదే. కోతి పరీక్ష చేద్దామని అక్క ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెరవడం చేతకాక, తిరిగిచ్చేసింది. "దీంతో పనేముంది తమ్ముడూ?"

తమ్ముడూ! పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి 'ఒరేయ్ కోతీ' తప్ప అనని పిల్ల!

సెలవులు బ్రహ్మాండంగా గడిచాయి. ఏది చూద్దామంటే అది చూసింది, ఏది పెడితే అది తింది. మూడో గది తలుపు పగలంతా మూసే ఉండేది. రాత్రుళ్లు ఈ పిల్ల తల్లి పక్కనే పడుకునేది. కోతి మాత్రం దొంగచాటుగా వెళ్లి తలుపు తట్టాడట. తడితే అవతల కూడా తట్టారట. గడియ పట్టుకుని లాగబోతే వెనక నుంచి తల్లి వాడి చెవి మెలిపెట్టి లాక్కెళ్లింది.

బయల్దేరే రోజు కారు డ్రైవరు సామాను సర్దుతూ పై అంతస్తుకేసి చూసి, "పిల్లలందరూ బాగానే ఉన్నారా సార్?" అనడిగాడట. వీధిలో చెప్పుకునేదంతా కోతికి చెప్పింది ఆ డ్రైవరే, వాళ్ల నాన్న తాళం పెట్టెలో వేసి రావడానికి వెళ్లినప్పుడు. "ఈ మధ్య రాత్రుళ్లు కొత్త గొంతొకటి చేరిందంటున్నారు బాబూ. మిగతావన్నీ సరేనమ్మా అంటుంటే, అదొక్కటే అనను అంటోందట."

కారు కదిలింది. కోతి వెనక అద్దంలోంచి పైకి చూశాడు. మూడో గది కిటికీ అద్దానికి లోపలి నుంచి ఒక అరచెయ్యి ఆని ఉంది.

పక్కన కూర్చున్న పిల్ల రెండు వేళ్లతో వాడి గడ్డం పట్టుకుని, నెమ్మదిగా ఇటు తిప్పింది. "అటు చూడకు తమ్ముడూ. మెడ పట్టేస్తుంది."

తిరిగొచ్చాక ల్యాబులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. పిల్ల రోజూ తల్లికి బాక్సు తెచ్చేది. "నమస్తే ఆంటీ, తిన్నారా?" అనేది. దోమ ఎటు ఎగిరిపోయిందో తెలియదు. నేనే ఒకటి రెండుసార్లు కెలికాను. నవ్వి ఊరుకుంది. మేడమ్‌కి ఇప్పుడు చెప్పడానికి చాడీల్లేవు, అన్నీ గొప్పలే. ఆ ఫ్లాటుకి అయిదు స్టార్లు తనే దగ్గరుండి ఇచ్చింది. మొహంలో కళ వచ్చింది. రాత్రుళ్లు హాయిగా నిద్రపోతున్నానంది.

ఒకరోజు కోతి ఒక్కడే వచ్చాడు. మేడమ్ మీటింగులో ఉంది. స్టూలు మీద కూర్చుని, కాళ్లు ఆడించకుండా, ఇదంతా చెప్పాడు.

"ఒరేయ్, అక్క పెద్దదవుతోంది. మనుషులు మారతారు" అన్నాను.

"నాన్న కూడా అదే అన్నారు ఆంటీ. అక్కకి మా షాపులోనే కొత్త కళ్లజోడు చేసిచ్చారు. పాత నంబరుకీ దీనికీ పొంతనే లేదట. వయసులో మారుతుందిలే అన్నారు." వాడు నా కళ్లలోకి చూశాడు. "రక్తం కూడా మారుతుందా?"

"మారదు" అన్నాను.

రక్తం గ్రూపు చూడటం పెద్ద విద్యేం కాదు. గాజుపలక మీద రక్తం చుక్కలు పెడతాం. ఒకదాని మీద నీలం మందు, ఒకదాని మీద పసుపు మందు. పలక అటూ ఇటూ ఊపితే, గ్రూపుని బట్టి ఏదో ఒకటి విరిగిన పాలలా పలుకులు కడుతుంది. మహారాణిది నేనే చూశాను, స్కూలు కార్డు కోసం. పసుపులో విరిగింది. సూదంటే చచ్చేంత భయం దానికి. ల్యాబంతా ఎగిరిపోయేలా అరిచి, నా మోచెయ్యి కొరికింది. ఆ పంటిగాటు చాలా రోజులుంది.

మర్నాడు ఈ పిల్ల బాక్సు తెచ్చినప్పుడు, "మొహం పాలిపోయిందే, రక్తం తక్కువుందేమో చూద్దాం రా" అన్నాను. బుద్ధిగా చెయ్యి చాపింది. సూది గుచ్చుతుంటే నా మొహంలోకే చూస్తూ నవ్వింది. "నొప్పేం లేదాంటీ. మీరు చాలా బాగా తీస్తారు."

అది వెళ్లాక చుక్కలు పెట్టాను. పలక ఊపాను. పసుపు అలాగే ఉంది, నున్నగా, ఎర్రగా.

నీలం విరిగింది.

తలెత్తేసరికి ఎదురుగా మేడమ్. పలకని చూస్తోంది. ఆవిడకి నేను చెప్పాలా?

"మందు పాతబడి ఉంటుంది" అంది.

"కొత్త సీసా మేడమ్. పొద్దున మీరే మూత తీశారు."

పలక నా చేతిలోంచి తీసుకుంది. కుళాయి తిప్పి, ఆ నీళ్ల కింద పెట్టి, బొటనవేలితో రుద్ది రుద్ది కడిగింది. మరక పోయాక కూడా కడుగుతూనే ఉంది.

"మేడమ్, ఈ పిల్లని ఎవరో కన్నారు. ఇదీ ఒకప్పుడు మహారాణిలాంటిదే అయ్యుంటుంది. వాళ్లమ్మా గడియ తియ్యలేదు. అననూ, అననూ అని ఎన్నాళ్లందో... చివరికి అంది. రేపు మీ పిల్ల కూడా —"

"నా పిల్ల ఇంట్లో ఉంది. బట్టలు మడత పెడుతోంది."

"మీ పిల్ల ఆ గదిలో ఉంది!"

కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. కోపం లేదు ఆ మొహంలో. కోపమున్నా బాగుండేది. "పదహారేళ్లు దాంతో పడ్డాను. ఒక్కరోజు, ఒక్క రోజంటే ఒక్కరోజు నన్ను మనిషిలా చూడలేదు. ఇది నా కాళ్లు పడుతోంది. నన్నేం చేయమంటావు? వెళ్లి దాన్ని తెచ్చుకుని, దీన్ని అక్కడ వదిలెయ్యమంటావా?"

అవునన్నాను. అరిచి చెప్పాను.

"అంత కఠినంగా నేనుండలేను" అంది మేడమ్.

పోలీసులకి చెబుదామంటే ఏం చెప్పను? పిల్ల తప్పిపోలేదు. ఇంట్లోనే ఉంది, వెళ్లినవాళ్లకి మంచినీళ్లిచ్చి కుర్చీ వేస్తుంది. కళ్లజోళ్లాయన దగ్గరికి వెళ్లాను. అంతా విన్నాడు. ఒక అద్దాన్ని ఎత్తి వెలుతురులో చూశాడు. "ఇంట్లో గొడవల్లేవమ్మా ఇప్పుడు. సర్లే" అన్నాడు.

ఇంక నా ఫోనులోంచి నేనే ఆ ఫ్లాటుకి మెసేజ్ పెట్టాను, గది కావాలని. జవాబు తక్షణం వచ్చింది. 'పిల్లలు ఎలా ఉంటారు?'

నాకు పిల్లల్లేరు. ఉన్నారని రాశాను. ఇద్దరూ బంగారాలని, వాళ్లని చూస్తే నా కడుపు నిండుతుందని రాశాను. రాస్తుంటే ఆ ఇద్దరే కళ్లముందు మెదిలారు.

'క్షమించండి. ఖాళీ లేదు.'

బుద్ధి తక్కువ మనిషిని. చాడీలు రాయాల్సింది. మళ్లీ రాశాను, పిల్లలు పరమ దుర్మార్గులని. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు. దానికి అబద్ధం తెలిసిపోతుంది కాబోలు. కడుపున పుట్టినవాళ్ల మీద, నిజంగా కన్నవాళ్లు, నిజంగా విసిగిపోయి చెప్పిన మాటే కావాలి దానికి.

ఇంట్లో కోతి మాత్రం నోరు మూసుకోలేదు. రోజూ అన్నం దగ్గర, "నువ్వు మా అక్కవి కాదు!" అని అరిచేవాడు. కంచం తోసేసేవాడు. ఆ పిల్ల కంచం మళ్లీ ముందుకి జరిపేది. "తమ్ముడికి ఒంట్లో బాలేదమ్మా పాపం" అనేది. మేడమ్ ల్యాబుకొచ్చి తల పట్టుకునేది. "అది బాగుపడింది, వీడు చెడిపోయాడు" అనేది. ఆ గొంతు నాకు తెలుసు.

మళ్లీ సెలవులొచ్చాయి. ఒక మధ్యాహ్నం మేడమ్ ఫోను తీసింది. రెండు బొటనవేళ్లతో రాయడం మొదలుపెట్టింది. ఈసారి మాకెవరికీ చదివి వినిపించలేదు. అంతసేపు రాసింది, టీ మీద తెట్టె కట్టింది.

వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఒక్క మంచిమాట రాయండి మేడమ్. బాగా బొమ్మలేస్తాడని రాయండి. నవ్వితే బాగుంటాడని రాయండి. ఒక్కటి చాలు."

"అబద్ధాలు రాయమంటావా?" అని నొక్కేసింది.

ప్రయాణానికి ముందు కోతి నా దగ్గరికొచ్చాడు. భయపడుతున్నాడేమో, ఊరడిద్దామనుకున్నాను. వాడు నాకే ధైర్యం చెప్పాడు.

"గడియ బయటే ఉంటుంది ఆంటీ. తీస్తే చాలు. అమ్మ తియ్యలేదు, నేను తీస్తా."

"నీ గొంతుతో కూడా ఎవరో వస్తే ఎలారా?"

వాడు డ్రైవరు నంబరు తన దగ్గరుందని చెప్పి నా ఫోనులో కొట్టిచ్చాడు. "అక్కని తీసుకుని తిన్నగా ఇక్కడికే వస్తా. రాగానే మిమ్మల్ని దోమాంటీ అంటా. ముందు అదే అంటా. అలా అంటే నేనే. అనకపోతే..."

"ఊరుకో" అన్నాను. రక్తం తీసే చేతులతో వాడి తల నిమిరాను.

వెళ్లారు. వచ్చారు.

మేడమ్ ల్యాబుకి ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. వాడు ముందు నడుస్తున్నాడు. తల నున్నగా దువ్వి ఉంది. షూ లేసులు కట్టి ఉన్నాయి. నా ముందుకొచ్చి ఆగాడు. నేను వాడి పెదాలనే చూస్తున్నాను.

"నమస్తే ఆంటీ. బాగున్నారా?"

"ఒరేయ్... నన్నేమని పిలుస్తావురా నువ్వు?"

"ఆంటీ అనే కదా."

"కాదు. ఇంకోటుంది. ఒక్కసారి అను. నీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి అను."

వాడు అక్క వైపు చూశాడు. ఇద్దరూ ఒకేలా నవ్వారు. "పెద్దవాళ్లని అలా అనకూడదు కదా ఆంటీ. తప్పు కదా."

మేడమ్ కొడుకు భుజం మీద చెయ్యేసి, "ఏం పిల్లలమ్మా! ముచ్చటేస్తోంది" అంది. తన పిల్లల్ని తనే నోరారా పొగుడుకోవడం... ఏ దిష్టీ తగలదని ధైర్యం కాబోలు.

ఆ వారం నా చేతులు పనిచేయలేదు. నరాలు దొరకలేదు. చివరికి ఆ డ్రైవరుకి ఫోన్ చేశాను. ఫలానా పిల్లాడు నంబరిచ్చాడని చెప్పాను. మొదట తెలియదన్నాడు. నేను ఏడుస్తుంటే ఆగాడు.

"ఆ పిల్లాడు గుర్తున్నాడమ్మా. రాత్రి ఆ వీధిలోనే బండి ఆపుకున్నాను. విన్నాను."

"అనను అనే గొంతు... ఆడపిల్లది... అది ఉందా?"

"లేదమ్మా. వాళ్లు మళ్లీ వచ్చి దిగిన రాత్రితో ఆగిపోయింది. తమ్ముణ్ణి వదిలెయ్యండి, అంటాను, అంటాను అని గట్టిగా ఏడ్చిందట. వీధంతా విన్నారు. ఇప్పుడది కూడా సరేనమ్మా అనే అంటోంది."

"మరి... వదిలేశారా?"

బండి ఇంజను ఆపిన చప్పుడు వినబడింది.

"కొత్తగా ఒక మగపిల్లాడి గొంతుందమ్మా. అననూ అనడం లేదు, సరే అనడం లేదు. కిటికీ దగ్గర నిలబడి రాత్రంతా ఒకటే మాట అంటున్నాడు. ఏదో పేరులా ఉంది. ఎవర్నో పిలుస్తున్నట్టు..."

"ఏం పేరు?"

"సరిగ్గా తెలియట్లేదు" అన్నాడు డ్రైవరు. "దోమాంటీ... దోమాంటీ అంటున్నాడమ్మా."